ఓడ ఎక్కని మనిషి

నవంబర్ 2, ఆదివారం

ఓడ టికెట్లు ఖాయమయ్యాయి. డిసెంబర్ పదకొండు సాయంత్రం జీలాంగ్‌లో ఎక్కితే తెల్లారేసరికి టాస్మానియా. నేను, ఆయన, ప్రణవి, మెల్‌బోర్న్‌లో అద్దెకు తీసుకునే కారు. కారు దిగకుండానే ఓడలోకి వెళ్ళిపోతామట.

ఈ పిచ్చి నాది కాదు, చక్రధర్ గారిది. నరసాపురంలో గోదావరి పంటు మీద పెరిగిన మనిషి. కార్లనీ ఆటోలనీ జనాన్నీ ఒక్కసారే అవతలి ఒడ్డుకి దాటించే ఆ పంటు ఎక్కించడానికి పెళ్ళయిన మూడో రోజునే నన్ను తీసుకెళ్ళారు. గుడికి తరవాత తీసుకెళ్ళారు. “ఎప్పటికైనా రాత్రంతా నడిచే పంటు ఒకటి ఎక్కాలి అరూ” అని అప్పటినుంచీ వింటున్నాను. ఇన్నాళ్ళకి కుదిరింది.

ఈ డైరీ దీపావళికి ప్రణవి కొనిచ్చింది. “ఆఫీసులో అనలేనివన్నీ ఇంటికొచ్చి మా మీద అంటున్నావ్ అమ్మా, ఇందులో రాసుకో లా” అంది. సింగపూర్‌లో పుట్టిన పిల్ల, మాట చివర ఆ ‘లా’ తప్పదు. ఇరవై ఏళ్ళు వచ్చాయి, తల్లికి వైద్యం రాసిస్తోంది. బ్యాంకులో అనుమానం కలిగించే లావాదేవీలు పట్టుకోవడం నా ఉద్యోగం. రోజంతా ఎవరు అబద్ధం ఆడుతున్నారా అని వెతికి వచ్చే మనిషికి ఇంట్లో నోరు ఊరుకోదు మరి.

ఓడ వాళ్ళ నియమాలు చదివాను. ఓడ కదిలాక కార్లున్న అంతస్తుకి తాళం వేసేస్తారు. మళ్ళీ తెల్లారేదాకా కారు దగ్గరికి వెళ్ళడానికి లేదు. రాత్రికి కావలసినవన్నీ ముందే ఒక చిన్న సంచిలో తీసి పెట్టుకోవాలి. దానికి రాత్రి సంచి అని పేరు పెట్టాను. ఆయన బీపీ మాత్రలు, వాంతులు రాకుండా మాత్రలు, నా శాలువా, ప్రణవి ఛార్జర్, పళ్ళు తోముకునే బ్రష్షులు మూడు.

ఈయన గడ్డం పెంచుతున్నారు. నవంబర్‌లో ఆఫీసు మగవాళ్ళందరూ పెంచుతున్నారట. దీపావళి మర్నాడే మొదలెట్టారు, అప్పటికి నవంబర్ రాలేదు కదా అంటే, “ముందుగా మొదలెడితే నిండుగా వస్తుంది” అన్నారు. నిండుగా ఏం రాలేదు. తెల్లగా వచ్చింది.

నవంబర్ 8

అత్తయ్యతో మాట్లాడాను. ఈ మధ్య వీడియోలో కనిపించడం లేదు. కళ్ళు లాగుతున్నాయట, మామూలు ఫోనే చాలంటున్నారు. ఓడ సంగతి చెప్పగానే ఆవిడ గొంతు మారిపోయింది.

“ఓడేంటే అమ్మాయ్? సముద్రం మీదా? వాడు కూడానా?”

“ఆయన కోసమే కదా అత్తయ్యా ఈ హడావిడంతా.”

“వాడెందుకమ్మా. నువ్వూ పిల్లా ఎక్కండి. వాణ్ణి విమానంలో రమ్మను.”

నాకు నవ్వొచ్చింది. పంటు మీద పెరిగినవాడికి ఓడంటే భయమేమిటన్నాను. “పంటు గోదారి మీద కదే, ఇది సముద్రం” అని మళ్ళీ మళ్ళీ అదే మాట. డెబ్బై ఆరేళ్ళు. పెద్దతనంలో భయాలు ఇలాగే వస్తాయి కాబోలు. సున్నుండలు పంపుతానన్నారు, ఓడలో తినడానికి. ఆస్ట్రేలియా వాళ్ళు తిండి పదార్థాలు పట్టుకుంటారంటే, “నెయ్యితో చేసినవి ఎవడు పట్టుకుంటాడు” అన్నారు.

నవంబర్ 13

పరంధామయ్య అంకుల్ పోయారు. పొద్దున కాఫీ తాగుతూ తాగుతూ పోయారట. నమ్మలేకపోతున్నాను. మొన్న ఆదివారమే ఫోన్లో నా చేత పులిహోర కొలతలు చెప్పించుకున్నారు.

నవంబర్ 15

బుకిట్ పంజాంగ్‌లో వాళ్ళ బ్లాకు కింద గోడల్లేని ఖాళీ జాగాలో, వాయిడ్ డెక్‌లో ఉంచారు. తెలుగువాళ్ళందరూ వచ్చారు. మేం సింగపూర్‌లో దిగినప్పుడు మాకు మొదటి గది ఇచ్చిన మనిషి అంకుల్. చక్రధర్‌ని పెద్దకొడుకని పిలిచేవారు.

పెట్టెని వ్యాను దాకా మోయడానికి అంకుల్ కొడుకు శశికాంత్ వచ్చి ఈయన్ని పిలిచాడు. “అన్నయ్యా, రండి, మీరు ఇటు పట్టండి.” ఈయన ఒక అడుగు వెనక్కి వేశారు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. “నడుం పట్టేసింది శశీ” అన్నారు. శశికాంత్ వేరే వాళ్ళని పిలిచాడు.

నాకు సిగ్గేసింది. అంతకంటే ఆశ్చర్యమేసింది. బుధవారం నాడే అల్మరా పైనుంచి పెద్ద సూట్‌కేసు ఒంటి చేత్తో దించారు. తిరుగు రైల్లో అడిగాను. “అప్పుడు లేదు, ఇప్పుడు ఉంది” అన్నారు. నడుముకి కూడా టైమ్‌టేబుల్ ఉంటుంది కాబోలు.

దుఃఖం. తండ్రిలాంటి మనిషి పోతే మోయడానికి మనసు ఒప్పలేదేమో. అదే అయ్యుంటుంది.

నవంబర్ 19

ఈయన ఓడ ఎక్కరట!

టీ తాగుతూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు. “ఓడలో మీరిద్దరూ కారు తెచ్చేసుకోండి అరూ. నేను మెల్‌బోర్న్ నుంచి ఫ్లైట్‌లో వచ్చి అక్కడ కలుస్తాను.”

వేళాకోళమనుకున్నాను. కాదు.

“మీ ఓడ కదండీ ఇది!” అన్నాను. “ఇన్నేళ్ళుగా నా చెవినిల్లు కట్టుకుని పోరింది ఎవరు?”

“నడుం. ఆ కుదుపులకి తట్టుకోలేను.”

“కారు ఎవరు నడుపుతారు?”

“నీకు లైసెన్సుంది కదా.”

లైసెన్సుంది. ఆరేళ్ళుగా స్టీరింగ్ ముట్టుకోలేదు. ఆ మాటే అన్నాను. ప్రాక్టీసు చెయ్యమన్నారు. ఓడలో కారు ఎక్కించేటప్పుడు పొంగిపోతానని, వీడియో తియ్యమని ప్రణవికి కెమెరా నేర్పించిన మనిషి, నాకు ప్రాక్టీసు చెయ్యమని చెబుతున్నారు. ఎదురుగా ఎవరో అపరిచితుడు కూర్చుని మా ఆయన గొంతుతో మాట్లాడుతున్నట్టుంది.

రద్దు చేద్దామా అన్నాను. “వద్దు వద్దు, మీరు వెళ్ళండి” అని కంగారు పడిపోయారు. ఆ కంగారు కూడా నాకు అర్థం కాలేదు.

నవంబర్ 22

గంటల లెక్కన అద్దెకిచ్చే కారు తీసుకుని, మా హౌగాంగ్ బ్లాకుల మధ్య ఉన్న పార్కింగ్ మేడలో ప్రాక్టీసు చేశాను. మెలికలు తిరుగుతూ పై అంతస్తు దాకా ఎక్కడం, దిగడం. ఓడలోకి కూడా ఇలాంటి వాలు మీదే ఎక్కాలట. ప్రణవి పక్కన కూర్చుని స్తంభం దగ్గరికొచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంది.

“అమ్మా, యూ ఆర్ డూయింగ్ ఫైన్ లా. జస్ట్ డోంట్ షౌట్ ఎట్ ద కార్.”

“కారు మీద కాదే, మీ నాన్న మీద అరుస్తున్నాను.”

“హీ ఈజ్ నాట్ హియర్.”

“అందుకే అరుస్తున్నాను.”

నాలుగోసారికి పర్వాలేదనిపించింది. దిగాక లోపల గర్వంగా ఉంది. ఈయనకి చెప్పలేదు.

నవంబర్ 23, ఆదివారం

ఇవాళ పదకొండో రోజు. చావింట్లో నవ్వాను. రాసుకోకపోతే పగిలిపోయేలా ఉన్నాను.

భోజనాలయ్యాక అంకుల్ భార్య సుమలత ఆంటీ నా చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. ఏడుస్తారేమో, ఎలా ఓదార్చాలా అనుకుంటున్నాను. ఆవిడ తలుపు వేసి, నా తల మీద చెయ్యి పెట్టారు.

“నేను ఎవరితోనూ అనన్లే అరుంధతీ. ఎన్నో నెల?”

నాకు అర్థం కాలేదు.

“చక్రధర్ గడ్డం చూశాను. మీ అంకుల్ని మొయ్యలేదు. మా శశి కోపం తెచ్చుకుంటే నేనే కోప్పడ్డాను. ఒరే, ఇంట్లో పిల్ల నీళ్ళోసుకుని ఉంటుందిరా, అలాంటప్పుడు మొగుడు శవాన్ని మొయ్యకూడదు, గడ్డం గీయకూడదు, మీకేం తెలుసు అని.”

“ఆంటీ! నాకు నలభై ఏడు!”

“అయితేనేం? దేవుడు ఇచ్చినప్పుడే తీసుకోవాలి.” ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. “ఆయన వెళ్ళారు, మీ ఇంటికి ఎవరో వస్తున్నారు. మీ అంకుల్ ఉంటే ఎంత సంతోషించేవారో.”

ఏం చెప్పినా వినలేదు. చివరికి నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆవిడ దాన్ని ఏడుపనుకుని వీపు నిమిరారు. ఈ ముక్క రేపు ఈయనకి చెప్పాలి. పడీపడీ నవ్వుతారు.

నవంబర్ 24

చెప్పాను. భోజనం దగ్గర, ఆంటీ గొంతు అనుకరిస్తూ మరీ చెప్పాను. ప్రణవికి నవ్వుతో నీళ్ళు పొలమారాయి.

ఆయన నవ్వలేదు. పప్పు గిన్నె మీద గరిట ఆగిపోయింది. “ఆవిడకి చాదస్తం” అని లేచి చెయ్యి కడిగేసుకున్నారు. కంచంలో అన్నం అలాగే ఉంది.

నవంబర్ 25

ఆంటీకి చాదస్తం. అంతే.

నవంబర్ 26

రాత్రి సంచి. బీపీ మాత్రలు ఆయనవి ఆయన దగ్గరే ఉంటాయి, తీసేయాలి. శాలువా. ఛార్జర్. బ్రష్షులు మూడు. రెండు. ఆయన ఓడలో రారు కదా. ఓడ కదిలాక కార్ల అంతస్తుకి తాళం వేసేస్తారు, ఏదైనా మరిచిపోతే తెల్లారేదాకా అంతే. ఏదో మరిచిపోతున్నాను. ఏమిటో గుర్తు రావడం లేదు.

నవంబర్ 27

గుర్తొచ్చింది. సంచిలో పెట్టాల్సింది కాదు.

ప్రణవి కడుపులో ఉన్నప్పుడు పురిటికి సాయం చేద్దామని అత్తయ్య ముందుగానే సింగపూర్ వచ్చారు. అప్పుడు మేం అంకుల్ వాళ్ళింట్లోనే ఒక గదిలో ఉండేవాళ్ళం. ఐదో నెల పడిన రోజు అత్తయ్య ఈయన షేవింగ్ సామాను తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. కడుపుతో ఉన్నదాని మొగుడు గడ్డం గీయకూడదు, శవాన్ని మోయకూడదు, సముద్రం మీద ఓడ ఎక్కకూడదు. ఎక్కితే బిడ్డకి కీడు. ఈయన గోలపెట్టారు. ఆఫీసు వాళ్ళందరూ సరదాగా ఫెర్రీలో బాటమ్ దీవికి వెళితే ఈయన ఒక్కరే ఇంట్లో కూర్చున్నారు. మరి మొన్న విమానంలో వచ్చావు కదరా, అదీ సముద్రం మీంచే కదా అని అంకుల్ ఏడిపిస్తే, “గాల్లో పోతే నీళ్ళు తాకవుగా అన్నయ్య గారూ” అని అత్తయ్య తీర్పు చెప్పారు. ఆ గడ్డంతో ఈయన ఫోటో ప్రణవి చిన్నప్పటి ఆల్బమ్‌లో మొదటి పేజీలో ఉంది. ఆంటీ ఊరికే అనలేదు. ఆవిడ అదంతా కళ్ళారా చూశారు.

గడ్డం. పెట్టె మోయకపోవడం. ఓడ.

నడుం నొప్పి నిజమే కావచ్చు. నవంబర్ గడ్డాలు లోకమంతా పెంచుతున్నారు. ఈయన నెలనెలా హైదరాబాదు వెళ్ళేది ఆఫీసు పని మీదే, నేనే కదా బట్టలు సర్దేది. నేను రోజంతా అనుమానాలతో బతికే ఉద్యోగం చేస్తున్నాను. నాకు ఇదొక జబ్బయిపోయింది.

నవంబర్ 29, శనివారం

పులావ్ ఉబిన్ దీవికి వెళ్దాం అన్నాను. అలసిపోయాం, కాస్త చెట్లూ గాలీ అన్నాను. సరేనన్నారు. చాంగీ రేవు దాకా హుషారుగానే వచ్చారు. దీవి కళ్ళ ముందే కనిపిస్తూ ఉంటుంది. చిన్న పడవ, ఇలా ఎక్కి అలా దిగడమే. ముసలివాళ్ళు సైకిళ్ళతో సహా ఎక్కుతున్నారు.

పడవ దగ్గర ఆగిపోయారు.

“మీరిద్దరూ వెళ్ళి రండి. నేను ఇక్కడ కాఫీ తాగుతూ ఉంటాను.”

“పంటు లాంటిదే కదండీ” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన నీళ్ళ వైపు చూశారు. ఎంతో ఇష్టమైన తిండిని డాక్టరు వద్దన్నాక చూసే చూపు. “వద్దులే అరూ.”

“నాన్నా, సో కియాసీ ఫర్ వాట్? టెన్ మినిట్స్ ఓన్లీ” అని ఇక్కడి మాటలో ఆయన పిరికితనాన్ని ఏడిపించింది ప్రణవి. ఆయన దాని తల నిమిరి నవ్వబోయారు, రాలేదు.

పడవ కదిలింది. రేవు మీద కడ్డీలు పట్టుకుని నిలబడ్డారు. గడ్డం నిమురుకుంటున్నారు. ప్రణవి ఏదో చెబుతోంది, పెదవులు కదలడం కనిపిస్తోంది గానీ మాట వినిపించడం లేదు. ఎవరో ఉన్నారు. ఎక్కడో ఒక ఆడది కడుపుతో ఉంది. ఈ మనిషి దానికి కాపలా కాస్తున్నాడు.

ఉబిన్‌లో దిగి కొబ్బరినీళ్ళు తాగాం. తాగానట. ప్రణవి చెబితే తెలిసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఇంకొకటి తట్టింది. మొదటిదానికంటే అది గట్టిగా తగిలింది. చక్రధర్ ఇవేవీ నమ్మడు. తాళి కట్టేటప్పుడు కూడా పంతులు గారితో వాదించిన మనిషి. అతని చేత ఇవన్నీ చేయించగలిగిన మనిషి లోకంలో ఒక్కరే.

నవంబర్ 30, ఆదివారం

మధ్యాహ్నం అతను నిద్రపోతున్నాడు. వంటింట్లోకి వెళ్ళి ఫోన్ చేశాను. ప్రతి ఆదివారం చేసే వేళే. “అమ్మాయ్, తిన్నారా?” అన్నారు ఎప్పటిలాగే.

“అత్తయ్యా, ఎన్నో నెల?”

ఎవరికి అని అడుగుతారని ఎదురుచూశాను. ఏంటే ఆ మాట అని తిడతారని ఎదురుచూశాను. దేవుడా, తిట్టించు అనుకున్నాను. అక్కడ ఫ్యాను చప్పుడు వినిపించింది.

“ఏడోది పడిందమ్మా” అన్నారు.

స్టవ్ గట్టు పట్టుకుని నిలబడ్డాను. పప్పు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వాసన వస్తున్నా కట్టేయాలని తోచలేదు.

“నీకు చెప్పమన్నానే” అన్నారు ఆవిడ. “ఆషాఢంలో వచ్చి నాకు చెప్పాడు. చెంప పగలగొట్టాను. ముందు దానికి చెప్పరా, దాని కాళ్ళ మీద పడరా అన్నాను. చెప్పలేదా?”

“చెప్పలేదు.”

“చచ్చినాడు.”

“మీరు చెప్పొచ్చు కదా అత్తయ్యా. వారం వారం మాట్లాడుతున్నాను కదా.”

“ఏ ముఖంతో చెప్పనే? నీ ముఖం చూడలేకే వీడియో పెట్టడం మానేశాను.” ఏడుస్తున్నారు. “నిన్ను తక్కువ చేసి కాదమ్మా. వాడు చేసింది పాపమే. మరి పొట్టలో ఉన్నది ఏం చేసింది చెప్పు? దానికి కీడు రాకూడదు కదా. అందుకని ఆ నాలుగు మాటలూ చెప్పాను. అంతకుమించి ఆ గుమ్మం నేను తొక్కలేదు. నీ మీద ఒట్టు.”

తిట్టడానికి మాటలు వెతుక్కున్నాను. ప్రణవి పుట్టినప్పుడు నాకు జ్వరమొస్తే రెండు వారాలు నా మంచం పక్కన నేల మీద పడుకున్న మనిషి ఈవిడ. కాయం ముద్దలు చేసి నోట్లో పెట్టిన చెయ్యి. మొగుడు మోసం చేస్తే చెప్పుకోవడానికి నాకున్నది ఈవిడే. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

“ఉంటాను అత్తయ్యా” అని పెట్టేశాను. చూడండి, అలవాటు. అప్పుడు కూడా ఉంటాను అనే అన్నాను.

డిసెంబర్ 1

ఆఫీసుకి వెళ్ళాను. పని చేశాను. మంచి రిపోర్టని మెచ్చుకున్నారు. ఏం రాశానో తెలియదు.

డిసెంబర్ 3

ఇవాళ పొద్దున అతనే వచ్చాడు. వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది. చేతిలో రేజరు, ముఖాన నురగ. బాత్రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు.

“నీకు తెలుసు” అన్నాడు.

తెలుసన్నాను.

హైదరాబాదు ఆఫీసులో పని చేసే ఆవిడట. పేరు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాను. నాకు ఆ పేరు అక్కర్లేదు. ఒకసారి వింటే ఆ పేరున్న వాళ్ళందరూ నాకు పనికిరాకుండా పోతారు. ఇలా జరుగుతుందనుకోలేదన్నాడు. నిన్ను వదులుకోలేనన్నాడు. ఆ బిడ్డనీ వదల్లేనన్నాడు. బిగ్గరగా కాదు, చాలా నెమ్మదిగా, బట్టల దుకాణంలో రెండు రంగులూ బాగున్నాయన్నట్టు చెప్పాడు. నేను విస్తుపోయి చూస్తున్నాను. ఇతనితోనేనా ఇన్నేళ్ళు ఒకే దుప్పటి కప్పుకున్నది?

“నేను ఇవన్నీ నమ్మను అరూ. అమ్మ ఒట్టు పెట్టించుకుంది. ఇప్పుడే గీసేస్తాను. ఓడ ఎక్కుతాను. మనం ముగ్గురం అనుకున్నట్టే వెళ్దాం. నువ్వు ఊఁ అను చాలు.”

రేజరు చెంప దాకా వెళ్ళింది.

అతను గీస్తే నేను గెలిచినట్టు. ఓడ మీద నా పక్కన కూర్చుంటే నేను గెలిచినట్టు. అది నాకు తెలుసు. ఒక్క ఊఁ చాలు. నాకూ ఇవేవీ నమ్మకం లేవు.

“గీయకండి” అన్నాను.

అతనికి అర్థం కాలేదు.

“రేపు ఆ బిడ్డకి జలుబు చేసినా మీ అమ్మ గారు నా ఓడ తలుచుకుంటారు. మీరూ తలుచుకుంటారు. ఆ బిడ్డ పుట్టడంలో నేను లేను. దాని కీడులో కూడా ఉండను. ముఖం కడుక్కోండి.”

ఇంకా నిలబడే ఉన్నాడు. నురగ కారి చొక్కా మీద పడుతోంది.

“ఈ ఓడే కాదు. నాతో ఇంక ఏదీ ఎక్కకండి” అన్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు. బాత్రూమ్‌కి అతను అడ్డంగా ఉన్నాడు కాబట్టి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

డిసెంబర్ 5

జురాంగ్ ఈస్ట్‌లో స్నేహితుడి ఇంట్లో గది ఖాళీగా ఉందట. వెళ్ళాడు.

ప్రణవికి బ్లాకు కింద హాకర్ సెంటర్లో, తిండి కొట్ల మధ్య చెప్పాను. ఇంట్లో చెబితే ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోలేననిపించింది. ఎవరో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు పట్టుకుని, ఇక్కడి మాటలో చోప్ చేసుకుని వెళ్ళారు, వాళ్ళు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం. పిల్ల చాలాసేపు చెరకు రసంలో స్ట్రా తిప్పింది.

“సో నాకు తమ్ముడా, చెల్లా?”

“తెలీదే.”

“ఓడ ఎక్కనన్నది అందుకా? దట్ ఓల్డ్ ఫోటోలో గడ్డం లాగా?”

“అవును.”

“నానమ్మకి తెలుసా?”

తెలుసన్నాను. అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా ఏడవలేదు. “దట్ వన్ ఈజ్ వర్స్ లా అమ్మా” అంది. తల్లీకూతుళ్ళకి ఒకే చోట దెబ్బ తగిలింది.

కన్నీళ్ళు తుడుచుకుని, “వీ ఆర్ స్టిల్ గోయింగ్, రైట్?” అని అడిగింది. ఆ ప్రశ్న నేను కూడా వేసుకోలేదు. ఆ ఓడ అతనిది కదా అనుకుంటున్నాను ఇంతవరకూ.

వెళ్తున్నాం అన్నాను.

డిసెంబర్ 7

పార్కింగ్ మేడ. పై దాకా ఎక్కి, దిగాను. అరవలేదు.

డిసెంబర్ 9

ఊరినుంచి ఎవరో వస్తుంటే వాళ్ళ చేత సున్నుండలు పంపారు అత్తయ్య. డబ్బా చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళాను. మూత తీశాను. ఒకటి తిన్నాను. నెయ్యి వాసన, అదే రుచి, ఏమీ మారలేదు. అదే నన్ను ఎక్కువ ఏడిపించింది. మిగతావి ఫ్రిజ్‌లో పెట్టాను. ఫోన్ ఇంకా చేయలేదు. ఎప్పుడు చేస్తానో తెలియదు.

రాత్రి సంచి. శాలువా, ఛార్జర్, బ్రష్షులు రెండు, వాంతులు రాకుండా మాత్రలు. అవి నాకే.

డిసెంబర్ 11, ఓడలో

ఎక్కేశాం. కింద కార్లకి తాళం వేసేశామని ఇప్పుడే మైకులో చెప్పారు. కేబిన్‌లో ప్రణవి పై బెర్తు మీద పడుకుని ఇంకా నవ్వుతోంది. ఎందుకో రాస్తాను.

రేవు దగ్గర కార్లన్నీ వరుసల్లో నిలబెట్టారు. పసుపు కోటు వేసుకున్న అమ్మాయి ఒక్కో కిటికీ దగ్గరికొచ్చి పేర్లు సరిచూస్తోంది. మా దగ్గరికి వచ్చింది. బుకింగ్‌లో ముగ్గురని ఉంది, మూడో మనిషి ఎక్కడ అని ఇంగ్లీషులో అడిగింది. ఇన్ని సర్దాను, ఆ పేరు తీయించడం మాత్రం మరిచిపోయాను.

ప్రణవి నా వైపు చూసింది. పది రోజులుగా ఆఫీసులో, లిఫ్టులో, పక్కింటివాళ్ళతో ఏదో ఒక అబద్ధం చెబుతూనే ఉన్నాను. నడుం నొప్పి అన్నాను, పని ఒత్తిడి అన్నాను. ఇక్కడ నాకు ఎవరూ తెలియదు. నిజం చెప్పేశాను.

“మా ఆయన రాలేదు. ఆయనకి బిడ్డ పుట్టబోతోంది. మా వాళ్ళలో అలాంటప్పుడు మగవాళ్ళు ఓడ ఎక్కకూడదు.”

ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. “ఓహ్, హౌ లవ్లీ! కంగ్రాచులేషన్స్!” అని వంగి, స్టీరింగ్ వెనక ఉన్న నా పొట్ట వైపు చూసింది. “జాగ్రత్తగా నడపండి, వాలు కొంచెం ఎక్కువ.”

“థాంక్యూ” అన్నాను.

ప్రణవి డాష్‌బోర్డు మీద తల పెట్టేసింది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని వీపు మీద చెయ్యి వేశాను. నవ్వుతోంది. అది చూసి నాకూ వచ్చింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, దారి మసకగా ఉంది. ముందు కార్లు కదిలిపోయాయి. వెనకవాడు హారన్ కొట్టాడు. కళ్ళు తుడుచుకుని బండి పోనిచ్చాను.